మూలల్లో కోడిగుడ్లు

ఆకాశాన్ని ఫోటోలు తీసేవాళ్లు చాలా సహనం ఉన్నవాళ్లని లోకం అనుకుంటుంది. వట్టి మాట. మా అంత చిరచిరలాడే జాతి ఇంకొకటి లేదు. రాత్రంతా మేలుకొని ఎవరైనా ఒక ఫోటో తీసి పంపితే, మధ్యలో ఏముందో మావాళ్లు చూడరు. ముందు నాలుగు మూలలూ చూస్తారు. పెళ్లికి వచ్చి పెళ్లికూతుర్ని చూడకుండా పప్పులో ఉప్పు సరిపోయిందా అని చూసే చుట్టాలు ఉంటారే, వాళ్లే మా గ్రూపు నిండా ఉన్నారు. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకు ఉంది.

నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. మార్కాపురం ఊరి చివర, పలకల గనుల వైపు, అమ్మ పేరున ఉన్న ఇంట్లో ఉంటాను. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగేవాళ్లకు నా దగ్గర మంచి జవాబే ఉంది గానీ ఇక్కడ దాని అవసరం లేదు. కింద వాటాలో తమ్ముడు, మరదలు ఉంటారు. నాయన బతికున్నప్పుడు మాకు పలకల కార్ఖానా ఉండేది. బడిపిల్లలు పలకలు మానేశాక అది మూతపడింది. తమ్ముడు అదే చోట నేలకు పరిచే రాళ్ల దుకాణం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోవడానికి ఉన్నది మిద్దె ఒక్కటే. దాని మీద సిమెంటు దిమ్మె కట్టించి టెలిస్కోపు బిగించుకున్నాను.

పోయిన దసరాకు కాస్త ముందు కొత్త కెమెరా కొన్నాను. అదే సమయానికి మా తమ్ముడికి సెల్ టవర్ వాళ్లతో పరిచయం అయింది. ఒకరోజు అన్నం తింటూ మాట తీశాడు.

"అక్కా, టవరోళ్లు మన మిద్దె చూసి పోయినారు. వాళ్లకు బాగా నచ్చింది. నెల తిరిగేసరికి అద్దె ఇంటికొచ్చి పడతాది."

"మరి నా టెలిస్కోపు?"

"దాన్ని యాడన్నా పెట్టుకో. అయినా ఇన్నేళ్ల నుంచి తీస్తాండావు, గోడకు తగిలించే ఫోటో ఒక్కటన్నా వచ్చిందా?"

వాడికి ఆకాశం అంటే వాన పడే చోటు. అది కూడా మా వైపు సరిగ్గా పడదు కాబట్టి ఆ మాత్రం గౌరవం కూడా లేదు. నేను నోరు తెరిచేలోపు అమ్మ అడ్డుపడింది.

"శివరాత్రి దాకా ఆగురా. ఆ లోపల అది గోడకు పెట్టే ఫోటో తీస్తే మిద్దె దానిది. తీయలేకపోతే నీ ఇష్టం."

అమ్మ మాట అంటే మాటే. కార్ఖానాలో కూలీల తగవులు నాయన తేల్చలేనివి ఆమె తేల్చేది. అలా నా మిద్దె ఒక ఫోటోకు ముడిపడింది. కృత్తికలను తీద్దామనుకున్నాను. అమ్మ వాటిని పిల్లలకోడి అంటుంది. చలికాలంలో పొద్దు కూకేసరికి నెత్తిమీదికి వచ్చేస్తాయి, వెతకక్కర్లేదు. నాకేం భయం అనిపించలేదు.

దసరా సెలవులకు మా గ్రూపు పెద్దమనిషి ఒకాయన నగరం నుంచి చీకటి ఆకాశం చూడటానికి వచ్చాడు. చీకటికి బదులు మబ్బులు చూశాడు. రెండు పూటలా మా ఇంట్లో తిని, మా కారం గురించి ఫిర్యాదు చేసి, నా టెలిస్కోపు చుట్టూ తిరుగుతూ తనకున్న సామాను గురించి చెప్పాడు. ఆయన మాటల్లో ప్రతి రెండో మాట "బేసిక్స్". పండుగ రోజు పొద్దున అమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ పట్టుకుని ఇల్లంతా తిరిగింది. మిక్సీకి, కత్తిపీటకు, తమ్ముడి రాళ్లు కోసే మిషనుకు, నా స్కూటీకి బొట్లు పెట్టి చివరికి మిద్దె ఎక్కి టెలిస్కోపుకు ఒకటి, కెమెరా వీపున ఒకటి పెట్టింది.

ఆయన పడీపడీ నవ్వాడు. "ఏంటి మేడమ్, టెలిస్కోప్‌కి కూడా పూజలా? నక్షత్రాలు ప్రసన్నం అవుతాయా?" అంటూ ఆ బొట్లను ఫోటో తీసి అక్కడికక్కడే గ్రూపులో పెట్టాడు. గ్రూపంతా పళ్లికిలించింది. పళ్లెం పట్టుకుని అమ్మ పక్కనే నిలబడి ఉంది. ఇంటికి వచ్చిన మనిషి కాబట్టి నేను పళ్లు బిగబట్టి ఊరుకున్నాను. ఆయన బస్సెక్కాక అమ్మ అడిగింది.

"ఆ సారు ఎందుకు నవ్వినాడు?"

"కొంతమందికి అదొక జబ్బులేమ్మా."

అమ్మ మిద్దె ఎక్కి రెండు బొట్లనూ కొంగుతో తుడిచేసింది. ఆ సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

దీపావళి దాటాక మబ్బులు విడిపోయాయి. కొత్త కెమెరాతో మొదటి ఫోటో తీశాను. పిల్లలకోడి నడిమధ్యన నీలంగా, పొగమంచు కప్పుకుని బ్రహ్మాండంగా వచ్చింది. కుడి వైపు కింది మూల మాత్రం చుక్కలన్నీ సాగిపోయి ఉన్నాయి. తమ్ముడికి చూపించడం నా బుద్ధి తక్కువ.

"అక్కా, పిల్లలకోడి బాగుండాది. మూలన గుడ్లు గూడ పెట్టిందే!"

మరదలు వంటింట్లో నుంచి కిసుక్కున నవ్వింది.

దీన్ని మా భాషలో టిల్ట్ అంటారు. కెమెరా లోపల వెలుగును పట్టే బిళ్ల ఒకటి ఉంటుంది. అది టెలిస్కోపు నుంచి వచ్చే వెలుగుకు తిన్నగా ఎదురు నిలబడాలి. పళ్లెం ఒక పక్కకు ఒరిగితే రసం ఆ అంచుకే చేరుతుంది చూడండి, అట్లాగే ఆ బిళ్ల వెంట్రుక మందమంత ఒరిగినా చాలు, ఒక మూల చుక్కలు గుండ్రంగా ఉండి ఇంకో మూలవి సాగిపోతాయి. టెలిస్కోపు వంకరా కెమెరా వంకరా అని తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది. కెమెరాను సగం చుట్టు తిప్పి మళ్లీ తీయాలి. పాడైన మూల ఫోటోలో ఇంకో చోటికి పోతే తప్పు టెలిస్కోపుది. ఉన్న మూలనే ఉంటే తప్పు కెమెరా వైపుది. నేను తిప్పి చూశాను. గుడ్లు ఉన్న మూలనే ఉన్నాయి.

కెమెరా అమ్మినవాడికి నాలుగు మాటలు రాశాను. అవి ఇక్కడ రాయలేను. వాడు చల్లగా, "మా దగ్గర అన్నీ పరీక్షించే పంపుతాం" అన్నాడు. గ్రూపులో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క వేదం చదివారు. ఒకరు ఆ ఒరుగుదల సరిచేసే స్క్రూల ప్లేటు కొనమన్నారు. ఒకరు కెమెరా మార్చమన్నారు. ఇంకొకరు ఊరు మార్చమన్నారు. మన పెద్దమనిషి, "బేసిక్స్ మేడమ్, బేసిక్స్" అని ఊరుకున్నాడు. ఏ బేసిక్స్ అని అడిగితే జవాబు లేదు. ఆయనకూ తెలియదు కాబట్టే ఆ మాట అన్నాడని అప్పుడే నాకు అర్థం అయింది.

ప్లేటు కొన్నాను. దాని మూడు పక్కలా స్క్రూలుంటాయి, ఒకదాన్ని బిగిస్తే ఇంకొకటి వదలాలి. సాయంత్రం చీకటి పడగానే ఎర్ర టార్చి నెత్తికి కట్టుకుని కూర్చునేదాన్ని. తెల్ల దీపం వేస్తే కళ్లు చీకటిని మరిచిపోతాయి, అందుకని మేమంతా ఎర్ర దీపమే వాడతాం. స్క్రూ రవ్వంత తిప్పడం, ఒక ఫోటో తీయడం, మూల చూడటం, మళ్లీ తిప్పడం. ఎట్లాగో నాలుగు మూలలూ గుండ్రం చేసి, ఫోటో మొదలుపెట్టేలోపు ఆకాశం పొగమంచులో కలిసిపోయేది. సరే, రేపు తీద్దామని కెమెరాను కిందికి తెచ్చేదాన్ని. మా వైపు రాళ్ల దుమ్ము పడుతుంది కాబట్టి దాన్ని మిద్దె మీద వదలను. డబ్బాలో పెట్టి దేవుడి గది పక్క అరలో ఉంచుతాను. ఇంట్లో అమ్మ రోజూ రెండుసార్లు తుడిచే చోటు అదొక్కటే.

మరుసటి సాయంత్రం చూస్తే గుడ్లు ఇంకో మూలన ఉండేవి.

నాకు పిచ్చెక్కినంత పనైంది. వంకర అంటూ ఉంటే ఒకే చోట ఉండాలి గదా! నిన్న కుడి కింద, ఇవాళ ఎడమ పైన. లెక్కల్లో ఇట్లా పూటకో జవాబు వచ్చే పిల్లవాణ్ని నేను బెంచీ ఎక్కిస్తాను. కూల్‌డ్రింకు డబ్బా కోసి, ఆ పల్చటి రేకు ముక్కలు కెమెరాకూ ప్లేటుకూ మధ్యన పెట్టాను. ఒకరోజు నయమైంది, మరునాడు ఇంకా చెడింది. ఆడలేక మద్దెల ఓడంటారు. నా మద్దెల నిజంగానే ఓడు, కానీ అది ఎవరు నమ్ముతారు? తమ్ముడు మాత్రం రోజూ కాఫీ తాగుతూ, "ఇయ్యాల ఏ మూలన పెట్టిందక్కా?" అని అడిగేవాడు.

ఒక సెలవు రోజు తెల్లారకముందే లేచి, కెమెరా ముందు, టెలిస్కోపుకు ఆనుకునే లోహపు రింగును చీకట్లోనే ఊడదీసి, చేతిరుమాల్లో చుట్టుకుని గిద్దలూరు బస్సెక్కాను. అక్కడ లేతు మిషను పెట్టుకున్న ఒకాయన ఉన్నాడు. రింగు అంచును మళ్లీ సాపు చేయించాలని నా ఆలోచన. ఆయన అప్పుడే దుకాణం తెరుస్తున్నాడు. నా వైపు వీపు పెట్టి, ఫోను మాట్లాడుతూనే ఒక చేత్తో రుమాలు విప్పాడు. రింగును కళ్లకద్దుకున్నాడు. తర్వాత పాత గుడ్డతో తుడిచి మిషనుకు బిగించాడు. బోణీ బేరం కాబట్టి అద్దుకున్నాడని అనుకున్నాను. ఈ భక్తి పనిమీద చూపిస్తే బాగుండునని కూడా అనుకున్నాను. ఫోను మాట్లాడుతూనే పని అయిందనిపించాడు. ఆ రాత్రి రింగు బిగించి డబ్బా అరలో పెట్టాను. మరునాటి సాయంత్రం చూస్తే మళ్లీ గుడ్లే. గిద్దలూరు వైపు తిరిగి తిట్టాను.

శివరాత్రి దగ్గరికి వచ్చేసింది. నాకు నిద్ర తగ్గింది. కాలేజీలో పిల్లలమీద అరుపులు పెరిగాయి. మిద్దె పోతే నేనేం చేస్తాను? చీకటి పడ్డాక కింద టీవీ ముందు వాళ్ల మధ్యన కూర్చోవాలి, అంతే. ఎవరూ నన్ను ఏమీ అనరు. అదే నా భయం. ఏమీ అనకుండానే నన్ను ఒక మూలన సర్దేస్తారు.

ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం తమ్ముడు టవర్ మనిషిని వెంటబెట్టుకుని మిద్దె ఎక్కాడు. ఆ మనిషి టేపు పట్టుకుని దిమ్మె చుట్టూ కొలతలు మొదలుపెట్టాడు.

"ఈ దిమ్మె పగలగొట్టాల్సొస్తాది సార్" అన్నాడు తమ్ముడితో, నేను అక్కడ లేనట్టే.

"శివరాత్రి ఇంకా రాలేదు" అన్నాను.

"వచ్చినప్పుడే కొలిస్తే ఆలస్యమైతాదక్కా. అయినా ఇప్పుడేం తీస్తావులే."

ఒళ్లు మండిపోయింది. దబదబా కిందికి దిగి, అరలోంచి కెమెరా డబ్బా తీసుకుని మళ్లీ ఎక్కాను. ఇన్ని నెలలూ నేను ఊరికే ఆకాశం కేసి చూస్తూ కూర్చోలేదనీ, ప్లేటూ స్క్రూలూ రేకు ముక్కలతో ఎంత చచ్చానో చూపించి వాళ్ల నోళ్లు మూయిద్దామనీ నా ఉద్దేశం. ఎండ నిప్పులు చెరుగుతోంది. కెమెరాను పగటి వెలుగులో తెరవడం నాకు అదే మొదలు. రోజూ పొద్దున్నే కాలేజీకి పోతాను. సెలవు రోజు తమ్ముడి దుకాణంలో రాళ్ల కోత ఉంటుంది కాబట్టి దుమ్ముకు భయపడి తీయను. ఎప్పుడు తీసినా చీకట్లోనే, ఎర్ర టార్చి కిందనే. ముందటి రాత్రి మబ్బు పట్టడంతో అసలు తీయనే లేదు.

మూత తిప్పి తీశాను.

తెల్లగా మెరిసే రింగు అంచు మీద ఎర్రగా, నిండుగా కుంకుమ బొట్టు. దాని కింద పసుపు ముద్ద ఎండి పెచ్చుకట్టి ఉంది. అటూ ఇటూ నలిగిన పాత మరకలు. ఎర్ర వెలుగులో తెల్ల లోహమూ ఎర్రగానే కనిపిస్తుంది, కుంకుమా ఎర్రగానే కనిపిస్తుంది. ఇన్నాళ్లూ నా కళ్ల ముందే ఉన్నా నేను చూడలేదు. గిద్దలూరులో ఆయన కళ్లకద్దుకుంది దీన్నే. వెంట్రుక మందం కోసం నేను ప్రాణం తీసుకుంటుంటే, సరిగ్గా రెండు లోహాలు ఆనుకునే చోట పెచ్చులు పెచ్చులుగా పసుపు! ఒక పూట ఇటు నలిగితే ఒక మూల, ఇంకో పూట అటు నలిగితే ఇంకో మూల.

"ఎవరు పెట్టినారిది?" అని కేక పెట్టాను.

అమ్మ అప్పటికే మెట్ల మీద ఉంది. టవర్ మనిషికి మజ్జిగ తెస్తోంది.

"నేనే" అంది.

"ఎప్పుడు?"

"రోజూ, దీపం పెట్టేటప్పుడు. నువ్వు కాలేజీ నుంచి రాకముందే." చేతిలో గ్లాసును అటూ ఇటూ మార్చుకుంది. "పైన పెడితే ఆ సారు నవ్వినాడు గదా. నలుగురిలో నీకు చిన్నతనం ఎందుకని మూత కింద పెట్టినా. ఎవురికీ కనపడదని."

తమ్ముడు దిమ్మెను పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "అయితే ఇన్ని దినాలు నువ్వు కొట్లాడింది అమ్మ బొట్టుతోనా అక్కా! ఆ ప్లేట్లు, ఆ గిద్దలూరు..." టవర్ మనిషి కూడా మర్యాదకు నవ్వాడు. అమ్మకు ఏం జరిగిందో అర్థం కాలేదు. నా మొహం చూసి తప్పేదో జరిగిందని మాత్రం తెలిసింది.

"బొట్టు లేకుండా పనిముట్టు ముట్టుకోకూడదమ్మా" అంది మెల్లగా. "మీ నాయన వేలు ఎట్ల పోయిందో నీకు తెలుసు గదా. ఆ ఏడు పండక్కి కొత్త రంపానికి నేను బొట్టు పెట్టలా. పురిట్లో ఉంటి. చీకట్లో నువ్వొక్కదానివే ఆ ఇనుముతో..."

తమ్ముడి నవ్వు ఆగింది. ఆ పురుడు వాడిదే. నాయన కుడిచేతి చూపుడువేలు సగమే ఉండేది. ఆ సగం వేలితోనే నాకు పలక మీద అంకెలు దిద్దించాడు. వేలు తెగింది రంపం వల్ల, రక్షణ తొడుగు లేకపోవడం వల్ల. ఇది ఎవరికైనా తెలుసు. అమ్మకు మాత్రం అది ఇన్నేళ్లూ తను పెట్టని బొట్టు వల్లే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పగా నేను వినలేదు.

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ అమ్మ మీద కాదు. రెండు పూటలా మా ఇంట్లో తిని పళ్లికిలించిపోయిన ఆ పెద్దమనిషి ఎదురుగా ఉంటే, ఆయన బేసిక్స్ ఆయనకే అప్పజెప్పేదాన్ని.

ఆ సాయంత్రం రింగును స్పిరిటుతో కడిగాను. ప్లేటు తీసేశాను. రేకు ముక్కలు తీసేశాను. పిల్లలకోడి నెత్తి మీద ఉంది. ఫోటో తీసి నాలుగు మూలలూ చూశాను. ప్రతి చుక్కా ఆవగింజలా గుండ్రంగా ఉంది.

గ్రూపులో పెట్టాను. అందరూ మూలలు చూసి, చేసేది లేక మెచ్చుకున్నారు. పెద్దమనిషి అడిగాడు: "టిల్ట్ ఎలా తీశారు మేడమ్? ఏ ప్లేట్ వాడారు?"

"ప్లేటు అవసరం లేదండీ. మీరు వచ్చినప్పుడు ఇక్కడ వదిలేసి పోయింది ఒకటి మధ్యన ఇరుక్కుంది. తుడిచేశాను" అని రాశాను.

ఆయన నమస్కారం బొమ్మ పంపాడు. వదిలి పోయింది తన నవ్వేనని ఆయనకు అర్థం కాలేదని తెలిసి ఇంకా తృప్తి కలిగింది.

శివరాత్రికి ముందే ఆ ఫోటో పెద్దగా వేయించి హాల్లో తగిలించాను. తమ్ముడు కుర్చీ ఎక్కి ఒక్కొక్క మూలా వేలు పెట్టి చూశాడు. "గుడ్లు లేవక్కా" అన్నాడు. వాడి గొంతులో వెటకారం లేదు.

"మిద్దె దానిదేరా. టవరోళ్లకు చెప్పు" అంది అమ్మ. అంతే. ఫోటో వైపు మళ్లీ చూడకుండా దేవుడి గదిలోకి పోయింది. నేను వెనకాలే పోయేసరికి కెమెరా డబ్బా అరలోంచి తీసి బయట బల్ల మీద పెడుతోంది.

"ఇంక దీని జోలికి రానులే. నా చెయ్యి పడకుంటేనే బాగుంటాదంట గదా" అంది నా వైపు తిరగకుండా.

గెలిచాను, మిద్దె నాదైంది. డబ్బాను మాత్రం తీసి మళ్లీ అరలోనే పెట్టాను.

మరునాడు దీపం పెట్టే వేళకు కుంకుమ భరిణె నేనే తీసుకుని అమ్మ చెయ్యి పట్టి మిద్దె ఎక్కించాను. మోకాళ్ల నొప్పని గొణుగుతూనే ఎక్కింది. టెలిస్కోపు తెల్లటి గొట్టం చూపించాను. అందరికీ కనబడేది, ఏం పూసినా చుక్కలకు నష్టం లేనిది ఆ భాగమే.

"ఇక్కడ పెట్టు. పెద్దగా పెట్టు."

"ఎవురన్నా చూస్తే?"

"చూడాలనే. నవ్వినోడికి మెట్లు ఎటుండాయో నేను చూపిస్తా."

అమ్మ వేలు తడుపుకుని, మళ్లీ అనుమానంగా ఆగింది. "ఇక్కడైతే మూలలు చెడిపోవు గదా?"

"చెడిపోవు."

బొట్టు పెట్టింది. వెనక్కి జరిగి అది తిన్నగా ఉందో లేదో చూసుకుంది. తర్వాత నా రెండు చేతులూ తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"సరే అయితే. వేళ్లు జాగ్రత్త" అంది.